తోట పెంచువారికి తగిన కానుక

ఏటేట జనవరి, ఆగస్టు మాసములలో లాల్‌బాగునందు జరుగు పుష్పప్రదర్శనమును చూచి వెలుపలికి వచ్చువారిని గమనించినచో, పలువురి చేతులలో చిన్న చిన్న మొక్కల సంచులు కనబడును. వారిలో కొందరు తమ యింటికై కొన్నవారు. మరికొందరు ఎవరికో ఇచ్చుటకై కొన్నవారు. మామయ్యగారికి తోటయనిన ప్రాణము, వదినగారికి మొక్కలనిన ఇష్టము, కావున ఒక మొక్కను ఇచ్చినచో సంతోషింతురని వారి తలంపు. తలంపు మంచిదే. అయినను, తోటను ప్రాణముగా చూచుకొనువారికి ఏమి ఇయ్యవలెనను ప్రశ్న పైకి కనబడునంత చిన్నది కాదు. దానిలో దానధర్మమునకు సంబంధించిన చిక్కు ఒకటి కలదు. ఆ చిక్కును పాఠకుల యెదుట ఉంచి, మాకు తోచిన సమాధానమును మనవి చేయుటయే ఈ వ్యాసమునందలి మా ఉద్దేశము.

చీరను గాని, వెండి గిన్నెను గాని, గడియారమును గాని కానుకగా ఇచ్చినప్పుడు, అది పుచ్చుకొన్నవారికి నచ్చకున్నను పెద్ద నష్టము లేదు. బీరువాలో ఒక మూల పడియుండును. ఎవరిని ఏమియు అడుగదు. మొక్క అట్టిది కాదు. ఇచ్చిన మరునాటి ఉదయముననే దానికి నీరు కావలెను. కొన్నాళ్ళకు ఎరువు కావలెను, తరువాత పెద్ద కుండీ కావలెను, పురుగు పట్టినచో మందు కావలెను, ఊరికి పోయినచో దానిని చూచుటకు మనిషి కావలెను. కావున మొక్కను ఇచ్చువాడు వస్తువును మాత్రమే ఇచ్చుట లేదు. దానితోపాటు ఒక నిత్యకృత్యమును కూడ ఇచ్చుచున్నాడు. కానుకయను పేరిట ఒకరి నెత్తిపై మరియొకరు బాధ్యతను పెట్టవచ్చునా? పెట్టవచ్చునన్నచో ఏ నియమములకు లోబడి?

దానమును గూర్చి మన పెద్దలు చెప్పిన మాటలు ఇక్కడ అక్కరకు వచ్చును. భగవద్గీత పదునేడవ అధ్యాయమున దానము మూడు విధములని చెప్పబడినది. ప్రతిఫలమును కోరక, ఇయ్యవలెనను బుద్ధితో, తగిన దేశమున, తగిన కాలమున, తగిన పాత్రునకు ఇచ్చునది సాత్త్వికము. బదులు వచ్చునను ఆశతోనో, మనసులో నొచ్చుకొనుచునో ఇచ్చునది రాజసము. తగని చోట, తగని వేళ, ఆదరము లేక పడవేసినట్లు ఇచ్చునది తామసము. ఈ దేశకాలపాత్రములను సాధారణముగా మనము పురోహితులకు, యాచకులకు ఇచ్చెడి దానముల విషయముననే తలచుకొందుము. కాని ఈ మూడు మాటలును తోటవారికిచ్చు కానుకకు అమరినంత చక్కగా మరి దేనికిని అమరవని మా అభిప్రాయము.

మొదట దేశమును చూతము. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. కోనసీమలో కాచినది ఇక్కడ కాయవలెనను నియమము లేదు. గోదావరి ఒడ్డున కడియము నర్సరీలలో తేమగాలికి అలవాటుపడి పెరిగిన మొక్క లారీలలో ఇక్కడికి వచ్చినప్పుడు, ఈ చలికిని, ఈ ఎఱ్ఱమట్టికిని అలవాటు పడుటకు దానికి కొంత వ్యవధి పట్టును. పైగా నేడు మనలో పలువురు నివసించునవి పెరడుగల ఇండ్లు కావు. అంతస్తుల మేడలలోని వాటాలు. నాలుగవ అంతస్తు వసారాలో పూటకు రెండు గంటల యెండ కూడ తగులని చోటికి బంగినపల్లి మామిడి అంటును తీసికొనిపోయి ఇచ్చుట ప్రేమయే కావచ్చును గాని, ఆ ప్రేమలో ఆలోచన లేదు.

స్థలమునకు తగిన మొక్క ఎట్టి భాగ్యమును పొందునో చెప్పుటకు మనయెదుటనే ఒక నిదర్శనము కలదు. హైదరాలీ 1760లో ఆరంభించిన లాల్‌బాగు 1856లో ప్రభుత్వ వృక్షశాస్త్రోద్యానమాయెను. 1874 మొదలుకొని 1908 వరకు దానికి అధికారిగా నుండిన జాన్ కామెరన్ అను దొర పరదేశములనుండి పెక్కు మొక్కలను తెప్పించి ఇక్కడ పెంచి చూచెను. అట్లు వచ్చినవానిలో మెక్సికో ప్రాంతపు తీగ యొకటి కలదు. కన్నడిగులు దాని కాయను సీమె బదనెకాయి అని పిలిచి, పరదేశమునుండి వచ్చినదని గుర్తుపెట్టుకొనిరి. మన తెలుగువారు మాత్రము దానికి బెంగుళూరు వంకాయ అని పేరిడిరి. ఎక్కడినుండియో వచ్చిన తీగ ఈ నేలకు ఎంత అమరినదనగా, పొరుగు భాషవారి నోట దాని ఊరిపేరే బెంగుళూరాయెను. ఇక్కడికి ఎప్పుడో వచ్చి స్థిరపడిన మనబోటివారికి ఈ ముచ్చట కొంత ఊరట కలిగింపదా?

ఆ కాయకు మరియొక విశేషము కలదు. దానిలో ఉండునది ఒకే గింజ. ఆ గింజను కాయనుండి వేరుచేసి నాటుట కుదరదు. ముదిరిన కాయను ఒక మూల నుంచినచో దానిలోనుండియే మొలక వెలుపలికి వచ్చును. అప్పుడు కాయను కాయగానే మట్టిలో నాటవలెను. మొలకెత్తిన ఒక బెంగుళూరు వంకాయను చిన్న బుట్టలో పెట్టి, పందిరికి చోటున్న తోటవారికి ఇచ్చి చూడుడు. దానికగు వ్యయము కూరగాయల అంగడిలో కాయవెలయే. కాని అట్టి కానుక వారికి అంతకుముందు ఎవరును ఇచ్చియుండరు.

స్థలమునకు తగనిదానికి కూడ నిదర్శనములు కలవు. దక్షిణ అమెరికానుండి అందమైన పూవులకై తెచ్చిన గుర్రపుడెక్క నేడు బెళ్ళందూరు మొదలైన చెరువుల నీటిని కప్పివేయుచున్నది. 19వ శతాబ్ది ఆరంభమున తోటల సొగసుకై ఈ దేశమునకు తెచ్చిన లాంటానా నేడు బండీపుర అడవులలో గడ్డి మొలవనీయక వ్యాపించియున్నది. వానిని తెచ్చినవారు దుర్మార్గులు కారు. చూచుటకు బాగున్నదని తెచ్చినవారే. చూచుటకు బాగుండుట ఒక్కటే కానుకకు చాలని గుణము కాదని ఇందువలన తెలియుచున్నది.

ఇక నీటి సంగతి. 2024 మార్చిలో ఈ నగరమున నీటికి కటకట ఏర్పడినప్పుడు, జలమండలివారు త్రాగునీటిని తోటలకును, వాహనములు కడుగుటకును వాడరాదని, వాడినవారికి 5,000 రూపాయల జరిమానా యని ఉత్తరువు చేసిరి. ఆ దినములలో బియ్యము కడిగిన నీటిని, కూరలు కడిగిన నీటిని కూడబెట్టి మొక్కలను బ్రతికించుకొన్న గృహిణులను మేమెరుగుదుము. అట్టి వేళ ఎవరైన వచ్చి, దినమునకు రెండు చెంబుల నీరు త్రాగు మొక్కను రంగుకాగితము చుట్టి చేతిలో పెట్టినచో, అది కానుకయా, శిక్షయా?

ఇందువలన కాలము యొక్క ప్రస్తావన వచ్చుచున్నది. మన గృహప్రవేశములును, పెండ్లిండ్లును పెక్కు ఎండకాలముననే జరుగును. మొక్కకు మంచి కాలము తొలకరి. ముహూర్తము మనుష్యులది, ఋతువు మొక్కది. రెండును కలియనప్పుడు ఏమి చేయవలెను? ఒక మంచి కాగితముమీద చక్కని దస్తూరితో, ‘తొలకరి జల్లులు పడిన పిమ్మట మీరు కోరిన మొక్కను మేమే తెచ్చి, గొయ్యి త్రవ్వి, నాటి ఇచ్చెదము’ అని వ్రాసి ముహూర్తమునాడు ఇయ్యవచ్చును. కాగితమే గదా యని కొందరు నవ్వుదురేమో. అయినను మాట ఇచ్చి, జ్ఞాపకముంచుకొని, చేతిలో గునపముతో వచ్చు చుట్టము ఈ దినములలో వెండి గిన్నెకంటె అరుదు.

మూడవది పాత్రము. మొక్కల పెంపకమును అప్పుడే మొదలిడిన వారికి ఏ మొక్కనిచ్చినను కొత్తయే. ముప్పది, నలుబది ఏండ్లుగా తోటను పెంచుచున్నవారి సంగతి వేరు. అంగడిలో దొరకు మొక్కలలో వారికి తెలియనివి తక్కువ. కావలసినవి వారే తెచ్చుకొనియుందురు. వారికి కొరతయైనవి అంగడిలో దొరకనివి, లేదా అడుగుటకు వారికే మొగమాటమైనవి. కొమ్మలు కత్తిరించు కత్తెర మొద్దుబారియుండును. దానిని తీసికొనిపోయి సాన పట్టించి తెచ్చి ఇచ్చినచో ఎంత సంతోషింతురో చూడవలెను. కలుపు తీయు దోకుడుపార పిడి ఊడియుండును; కొత్త పిడి వేయించి ఇయ్యవచ్చును. మాగిన పశువుల ఎరువు ఒక బస్తా, వేపపిండి ఒక సంచి, ఇవి చూచుటకు అందముగా నుండవు. కాని తోటవారి కన్నులతో చూచినచో పట్టుచీరకంటె మిన్న.

ఇంకను విచిత్రమైన కానుక యొకటి చెప్పుదుము. 1908లో కామెరన్ దొర తరువాత లాల్‌బాగునకు అధికారియైన క్రుంబీగల్ అను జర్మను దొర, ఒక జాతి చెట్ల పూవులు రాలునప్పటికి మరియొక జాతి పూచునట్లుగా ఈ ఊరి వీథులకు చెట్లను ఎన్నుకొనెనని ప్రసిద్ధి. ఆ చెట్లును, వాని తరువాతి తరముల చెట్లును నేటికిని మన వీథులలో ఆకులు రాల్చుచునే యున్నవి. ఆ ఆకులను కొందరు ఊడ్చి, చట్టము వలదన్నను తగులబెట్టుదురు. రెండు గోనెసంచుల ఎండుటాకులను ఏరి తెచ్చి తోటవారి గుమ్మమున దించినచో, ఆరేడు మాసములకు అది నల్లని ఎరువుగా మారును. డబ్బు పెట్టి కొనినది కాదు; వంగి ఏరినది. తానెరుగని తరములవారికి పూవులనిచ్చిపోయిన ఆ దొరయొక్క దానమునే మనము మరియొక చేతికి అందించినట్లగును.

అట్లయినచో మొక్కను అసలు ఇయ్యనే కూడదా? అట్లనుట మా అభిమతము కాదు. మొక్కనిచ్చుటలో ఇతర దానములలో లేని ఘనత యొకటి కలదు. లెక్కల పుస్తకమున ఒకచోట జమ పడినచో మరియొకచోట ఖర్చు వ్రాయవలసినదే. కాని కొమ్మ కత్తిరించి ఇచ్చినప్పుడు, గుప్పెడు విత్తులు పొట్లము కట్టి ఇచ్చినప్పుడు, పుచ్చుకొన్నవారికి జమ పడును గాని ఇచ్చినవారికి ఖర్చు పడదు. అంతేకాదు. మన మొక్క చచ్చిననాడు మనమిచ్చిన యింటనే దాని బిడ్డ దొరకును. ఇచ్చుటయే దాచుకొనుట యగుచున్నది.

ఈ ఊరిలో మన తెలుగు కుటుంబముల పెరళ్ళు పెక్కు ఈ విధముగనే నిండినవి. ఎఱ్ఱ గోంగూర విత్తులు పుట్టింటినుండి వచ్చిన కోడలి కొంగుముడిలో వచ్చినవి. కరివేపాకు గింజలు ఎండబెట్టి దాచినచో మొలకెత్తు శక్తిని త్వరలో కోల్పోవును గనుక, వేరునుండి లేచిన పిలకనే తడిగుడ్డ చుట్టి ఒక యింటినుండి మరియొక యింటికి పంపిరి. మల్లెతీగ కొమ్మను వంచి మట్టిలో పాతి, వేరుపట్టిన పిదప కోసి ఇచ్చిరి. ఆ కానుకలకు రంగుకాగితము లేదు, వెల లేదు. కాని ఏ యింటి మల్లె ఏ యింటినుండి వచ్చినదో ఆడువారందరకును తెలియును. ఇండ్లు పడగొట్టి మేడలు కట్టునప్పుడు మనము పోగొట్టుకొనుచున్నది పెరడు మాత్రమే కాదు. ఆ జ్ఞాపకమును కూడ పోగొట్టుకొనుచున్నాము. మన పిల్లలకు గోంగూర తెలియును. అది ఎవరు ఎవరికి ఇచ్చినదో తెలియదు.

కానుకలోనుండి కలహము కూడ పుట్టవచ్చునని నంది తిమ్మనగారి పారిజాతాపహరణము మనకు చెప్పుచున్నది. నారదుడు తెచ్చి ఇచ్చిన ఒక పూవును కృష్ణుడు రుక్మిణికిచ్చుటతో సత్యభామకు కోపము వచ్చెను. ఆ కోపమును తీర్చుటకు స్వర్గమునుండి చెట్టునే తేవలసివచ్చెను. ఇచట పూవుదోషము లేదు. కానుకను గౌరవమునకు కొలబద్దగా చూచుటలోనే దోషమున్నది. అయినను, చెట్టు సత్యభామ పెరటిలో నుండగా పూవులు రుక్మిణి పెరటిలో రాలెనని లోకమున చెప్పుకొను కథ యొకటి కలదు. ఎవరు కల్పించిరో గాని, తోటల స్వభావము నెరిగిన వారే కల్పించియుందురు. చెట్టును ఒకరికి ఇయ్యవచ్చును. దాని నీడను, పూవును ఒకరికే ఇయ్యజాలము.

పూలగుత్తి సంగతి కూడ ఒక మాట. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపమును ఘంటసాలగారి కంఠమున విన్న తెలుగువాడు పూవును త్రుంచునప్పుడు ఒక్క క్షణమైన జంకును. తోటవారికి అంగడి పూలగుత్తిని ఇచ్చుట, వంట నేర్చిన ఇల్లాలికి పూటకూళ్ళయింటి అన్నము పంపినట్లుండును. ఇయ్యకూడదని కాదు, దానితో వారికి పని లేదని మాత్రమే మా భావము.

ఇప్పుడు అసలు చిక్కునకు వచ్చెదము. మా యెరుకలో ఒక పెద్దావిడ కలరు. తోటయందు ఆమెకుగల శ్రద్ధ చుట్టములందరకును తెలిసినదే. ఆమెకు డెబ్బదియైదేండ్లు నిండిననాడు కొడుకులు, కోడండ్లు, మేనల్లుండ్రు తలకొక కుండీ చొప్పున పదునాలుగు కుండీలు తెచ్చి వరుసగా నిలిపిరి. అందరును ఆమె యిష్టమును తలచియే తెచ్చిరి. కాని అప్పటికే ఆమె మోకాళ్ళు అరిగియున్నవి. బొక్కెన ఎత్తలేరు. ప్రాణముగల వస్తువు గనుక పారవేయలేరు. ప్రేమతో ఇచ్చిరి గనుక వలదనలేరు. ఒక్కొక్క మొక్క ఎండుచుండగా తానే పాపము చేసినట్లు ఆమె కుములుచుండిరి. పైగా వచ్చినవారెల్లరును ‘నేనిచ్చిన మొక్క ఎట్లున్నది, అత్తయ్యా?’ అని అప్పు వసూలునకు వచ్చినట్లు అడుగుచుండిరి. చివరకు పొరుగింటి కన్నడ కుఱ్ఱవాడొకడు ఆదివారము లుదయమున వచ్చి కుండీలు జరిపి, మట్టి మార్చి, నీరు పోసి పోవుట మొదలిడెను. ఆ కుఱ్ఱవాడు పుట్టినరోజునాడు ఏమియు తేలేదు. కాని తన కందిన కానుకలలో దొడ్డది ఏదియని అడిగినచో ఆమె ఆ కుఱ్ఱవాని పేరే చెప్పుదురు.

దీనివలన మాకు తోచిన ధర్మమిది. ప్రాణముగల దానిని ఇచ్చువాడు, దానితో వచ్చు పనిలో పాలుపంచుకొనుటకు సిద్ధపడియే ఇయ్యవలెను. అట్లు సిద్ధపడలేనిచో ప్రాణము లేనిదానినే ఇయ్యవలెను. రెండవది, ఇచ్చునప్పుడే పుచ్చుకొనువారికి స్వాతంత్ర్యమును కూడ ఇయ్యవలెను: ‘ఇది బ్రతికినచో సంతోషము, చచ్చినచో దుఃఖింపవలదు, బరువైనచో మరియొకరి కిండు, లేదా మాకే తిరిగి ఇండు’ అని నోరు తెరచి చెప్పవలెను. ఇచ్చినదానిని తిరిగి పుచ్చుకొనరాదని మనలో ఒక పట్టింపు కలదు. బంగారము విషయమున అది సరియే. మొక్క విషయమున తిరిగి పుచ్చుకొనుటయే దయ.

కాదనుటలో అవమానము లేదని దేశములకు దేశములే చూపినవి. 1910లో టోక్యో నగరమువారు అమెరికా రాజధానియైన వాషింగ్టనునకు రెండువేల చెఱ్ఱీ మొక్కలను కానుకగా పంపిరి. పరీక్షించి చూడగా వానికి పురుగులు, తెగుళ్ళు పట్టియున్నవి. వానిని తగులబెట్టవలసి వచ్చెను. జపానువారు అలుగలేదు, అమెరికావారు మొగమాటమునకు పోయి ఆ తెగుళ్ళను తమ నేలపై నాటుకొనలేదు. 1912లో ఆరోగ్యమైన 3,020 మొక్కలు మరల వచ్చెను. 1915లో అమెరికావారు బదులుగా తమ దేశపు డాగ్‌వుడ్ చెట్లను పంపిరి. ఇచ్చినవారు సరిదిద్దుకొనిరి, పుచ్చుకొన్నవారు నిజము చెప్పిరి, స్నేహము చెడలేదు. రెండు ప్రభుత్వములు చేయగలిగినది ఇద్దరు వియ్యంకులు చేయలేరా?

ఒక ఆక్షేపణకు బదులు చెప్పవలసియున్నది. ఇంత ఆలోచించుచు కూర్చున్నచో ఎవరును ఎవరికిని ఏమియు ఇయ్యరు. కానుక మనసు పొంగినప్పుడు ఇయ్యవలసినదే గాని త్రాసులో తూచి ఇయ్యవలసినది కాదు అని కొందరందురు. ఈ మాటలో బలము లేకపోలేదు. దారిలో కనబడిన మొక్కను చూచి ఒకరు జ్ఞప్తికి వచ్చుట, వెంటనే కొని తెచ్చుట, అది కూడ స్నేహమునకు గుర్తే. మేము మనసు పొంగుటను వలదనుట లేదు. పొంగిన మనసు ఒక్కసారి పుచ్చుకొనువారి వసారా వైపును, వారి చేతుల వైపును చూడవలెనని మాత్రమే కోరుచున్నాము. ఆ ఒక్క చూపే కానుకలో ముఖ్యభాగము. తోటపని అనగా మరేమి? ఈ మొక్కకు ఏమి కావలెనని దినదినమును వంగి చూచుటయే గదా. అట్లు చూచువారికి కానుక నిచ్చువాడు, వారిని కూడ అదే విధముగా చూచి ఇయ్యవలెను.

మన సంఘ సభ్యులకు ఒక చిన్న మనవితో ముగింతుము. రాబోవు ఉగాదికి మనము కలిసికొనునప్పుడు, ప్రతి కుటుంబమును తమ యింట పండిన విత్తులలో ఒక గుప్పెడు తీసికొనివచ్చిన బాగుండును. గోంగూర గాని, చిక్కుడు గాని, తోటకూర గాని, కనకాంబరము గాని. పొట్లముపై తెలుగు లిపిలో ఆ విత్తు పేరు, నాటవలసిన మాసము, అది ఎవరి యింటినుండి తమ కబ్బినది అను మూడు సంగతులు వ్రాయవలెను. కావలసినవారు కావలసినంత తీసికొందురు. వలదన్నవారు మొగమాటము లేక వలదందురు. నేడు ఆ చీటీని చదువలేని పిల్లవాడు, మొలక వచ్చిన పిదప దానిపై ఏమి వ్రాసియున్నదని అమ్మమ్మ నడుగును. అడుగుటకు పిల్లవాడును, చెప్పుటకు అమ్మమ్మయు ఉన్నప్పుడే ఆ పని జరుగవలెను.